అమ్మ కువైట్‌లో, బెంగ ఉంగుటూరులో

'బెంగ' అనే తెలుగు మాటకు సరితూగే పదం మన ఇళ్ళలో మాట్లాడుకునే ఉర్దూలో నాకు ఇంతవరకు దొరకలేదు. 'ఉదాసీ' చాలదు, 'యాద్' అంతకన్నా చాలదు. బెంగ మనసులో పుట్టి ఒంట్లో బయటపడుతుంది. బిడ్డ అన్నం దగ్గర ముఖం తిప్పుకుంటాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. ఇంట్లో పెద్దావిడ ఒక్కసారి చూసి "బెంగ పెట్టుకున్నాడు" అనేస్తుంది. రోగాన్ని ఇంత సరిగ్గా గుర్తుపట్టే మనం మందు దగ్గరకు వచ్చేసరికి తాయెత్తు కోసం పరుగెత్తుతున్నాం. ఖుర్‌ఆన్ సూరాలు చదివి బిడ్డపై ఊదడం సున్నతే, అది తప్పక చేద్దాం. కాని వాడు ఎవరి కోసం బెంగపడ్డాడో ఆ మనిషి గురించి వాడితో మాట్లాడేదెవరు?

మా ఉంగుటూరు ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ, జాతీయ రహదారి మీద ఉంది. వరిచేలు, చేపల చెరువులు, దగ్గరలోనే కొల్లేరు. చూసేవారికి పచ్చగా కనిపించే ఈ నేలమీద కూలి డబ్బులతో అప్పు తీరని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. గోదావరి జిల్లాల నుండి, కడప వైపు నుండి స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతోంది. వారిలో మన సోదరీమణులూ ఉన్నారు. పదో తరగతి దాటని స్త్రీ గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలని మన ప్రభుత్వ నియమం. ఆమె రక్షణ కోసమే అది పెట్టారు. అయితే మన ఊళ్ళలో 30 నిండిన స్త్రీ అంటే, చాలావరకు, బడికెళ్ళే పిల్లల తల్లి. ఆమె విమానం ఎక్కిన రోజున ఇద్దరు ముగ్గురు పిల్లలు నానీ చేతికి వస్తారు.

ఇక మిగిలింది ఫోను. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ రాత్రి పది గంటలకు గిన్నెలు కడిగి, తన గదిలోకి వచ్చి ఆ తల్లి ఫోను తీసేసరికి ఇక్కడ పన్నెండున్నర. నిద్రలో ఉన్న బిడ్డను లేపి ముఖం చూపించాలా, వద్దా అన్నది నానీకి ప్రతి రాత్రీ ఒక తగవు.

నా దగ్గర ఖుర్‌ఆన్ చదువుకునే ఎనిమిదేళ్ళ అమ్మాయి ఒకరోజు సిపారా మూసేసి, "మా అమ్మీకి అక్కడ ఇంకో అమ్మ ఉందా?" అని అడిగింది. కువైట్ ఇళ్ళలో పనిచేసే స్త్రీలు యజమానిని 'బాబా' అనీ, యజమానురాలిని 'మామా' అనీ పిలుస్తారు. వీడియోలో ఆ పిలుపు విన్నది ఈ పిల్ల. తరువాత కొన్ని వారాలు తల్లి ఫోను చేస్తే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఇంట్లోవారు దానికి పెట్టిన పేరు పొగరు. "అమ్మీ నీ కోసమే కష్టపడుతోంది, సబర్ చేయి" అని నలుగురూ నాలుగు వైపుల నుండి చెప్పారు.

సబర్ అనే మాటను మనం పిల్లల నోరు మూయడానికి వాడుతున్నామని నా అభిప్రాయం. కుమారుడు దూరమైనప్పుడు మేలైన సహనం వహిస్తానని పలికిన హజ్రత్ యాఖూబ్ (అ) ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడేంతగా దుఃఖించారని దివ్య ఖుర్‌ఆన్ యూసుఫ్ సూరాలో తెలుపుతోంది. తన బాధను ఆయన అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఒక ప్రవక్తకు లేని నిషేధం ఎనిమిదేళ్ళ పిల్లకు ఎక్కడి నుండి వచ్చింది? హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోయినప్పుడు మహాప్రవక్త (స) ఆ పసివాడిని పేరుపెట్టి పిలిచి, పిట్ట ఏమైందని అడిగారు. పిట్టే కదా అని తీసిపారేయలేదు.

నేను కూడా ఆ అమ్మాయిని అడిగాను. అమ్మీ ఎప్పుడు వెళ్ళింది, వెళ్ళేముందు ఏం చెప్పింది అని. చెప్పలేదట. బడి నుండి వచ్చేసరికి లేదట. పిల్లలు ఏడిస్తే కాళ్ళు కదలవని చెప్పకుండా వెళ్ళే తల్లులు మన వీధుల్లో చాలామంది. పైగా నానీ నిన్నటిదాకా "రేపొస్తుంది" అంటూనే ఉంది. ఒప్పందం రెండేళ్ళు. ఆ రాత్రి తల్లితో మాట్లాడించి, నిజం చెప్పించాం: ఇంకా ఒక రంజాను గడవాలి, ఆ తరువాతి బక్రీదుకు వస్తాను. పిల్ల ఏడ్చింది. ఏడ్చి, క్యాలెండరు అడిగింది.

ఇలాంటి కుటుంబాలకు సలహాలు చెప్పేవారికి కొదవ లేదు. పిల్లలతో రోజూ గంటసేపు గడపండి, కలిసి భోజనం చేయండి అంటారు. కలిసి తినవలసిన తల్లి సముద్రం అవతల ఉన్న ఇంటికి అది పనికిరాదు. మనకు పనికివచ్చేవి చిన్నవి. ప్రోగ్రెస్ కార్డు ఫోటో ముందు తల్లికి వెళ్ళాలి, ఆమె చూసిన తరువాతే ఇంట్లో సంతకం. ఈద్ బట్టల రంగు ఆమె నిర్ణయించాలి. ఫోను రోజూ కాకపోయినా, చెప్పిన రోజున చెప్పిన వేళకు రావాలి. డబ్బు పంపే యంత్రంగా మిగలకుండా ఆమె తల్లిగా మిగలడానికి ఇవి అవసరం. అక్కడ ఒంటరి గదిలో ఆమెకున్న బెంగకూ ఇదే కొంత ఊరట.

తండ్రి ఉన్నాడు కదా అంటారా? ఉన్నాడు, చెరువు గట్టు మీద రాత్రి కాపలాకు. పగలు ఇంట్లో ఉన్నా కూతురి జడ వేయడం మగవాడి పని కాదనుకుంటాడు. మహాప్రవక్త (స) ఇంటిపనుల్లో భార్యలకు తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి ప్రసంగాల్లో విని తలలూపే మన సోదరులు దువ్వెన పట్టుకోవడానికి మాత్రం సిగ్గుపడతారు.

బెంగ వారాల తరబడి తగ్గకపోయినా, బిడ్డ నోట చచ్చిపోతాననే మాట వచ్చినా ఇంట్లో దాచుకోకూడదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. కువైట్ ఫోన్ల నడుమ ఈ ఫోను కూడా చేస్తే పిచ్చి అనే ముద్ర పడుతుందని భయపడనక్కరలేదు.

అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) తల్లి గాథ నాకు ఈ ఇళ్ళను చూసినప్పుడల్లా గుర్తుకు వస్తుంది. బిడ్డను నదిలో వదిలిన ఆ తల్లి హృదయం శూన్యమైపోయిందని అల్లాహ్ తెలుపుతాడే గాని, ఆమెను నిందించడు. ఆమె కూతురిని పంపింది. ఆ అక్క దూరం నుండి, ఎవరికీ అనుమానం రాకుండా తమ్ముడిని గమనిస్తూ ఉంది. అదను చూసి నోరు విప్పింది. బిడ్డ తల్లి ఒడికి తిరిగి చేరాడు. ప్రతి మొహల్లాలో అలాంటి అక్క ఒకరు కావాలి. తల్లి ఎందుకు వెళ్ళిందని ఆరా తీసేవారు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు.

ఆ అక్క చూడవలసింది పిల్లలనే కాదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు మా వీధి నానీ, మోకాళ్ళ నొప్పులతోనే, ఇద్దరు మనవల తరగతుల మధ్య తిరిగింది. బీపీ మాత్ర మింగడం మరచిపోయింది. పిల్లలకు జ్వరమొస్తే కూతురికి ఏం జవాబు చెప్పాలన్నదే ఆమె దిగులు. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటిపని చేసేవారికి వారానికొక సెలవు ఇవ్వాలంది. అది అందని ఇళ్ళు ఉన్నా, కాగితం మీదనైనా కూతురికి సెలవుంది. నానీకి లేదు. ఇప్పుడు మేము ముగ్గురం వంతులవారీగా ఆదివారం ఉదయం ఆ పిల్లలను మా ఇళ్ళకు తెచ్చుకుంటున్నాం. మొదటి ఆదివారం ఏం చేశారని అడిగితే ఆమె కాస్త సిగ్గుపడి, "జొహర్ అజాన్ దాకా పడుకున్నానమ్మా" అంది.