అక్షరాలకు అదబ్

మన కళాశాల వార్షిక సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి ఆరంభమై నడుమ కలుసుకోవడం ఆచారం. నిరుడు ఆ పుటలను కంప్యూటరు మీద కూర్చే బాధ్యతను సంచిక సంఘంవారు మా అయిదుగురికి అప్పగించారు. టైపు చేయడం వచ్చు గనుక పుట తీర్చడం కూడ వచ్చుననే భ్రమలో ఉన్నాము. ఆ భ్రమ ఎట్లా తొలగినదో సహ విద్యార్థులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా తొలి పాఠం తెలుగు పుటలలోనే జరిగినది. శీర్షికను నడుమకు తేవడానికి స్పేస్ మీటను పదేపదే నొక్కాము. కొత్త పుటకు పోవడానికి ఎంటర్ మీటను వరుసగా నొక్కుతూ పోయాము. ప్రతి ఉపశీర్షికను విడివిడిగా పెంచి, బోల్డు చేశాము. చూడముచ్చటగానే ఉన్నది. అంతలో అధ్యాపకులు అక్షర పరిమాణాన్ని 14 నుండి 12కు తగ్గించమన్నారు. తగ్గించిన క్షణాన శీర్షికలు పక్కకు ఒరిగాయి. కొత్త పుటలో మొదలు కావలసిన వ్యాసం పాత పుట అడుగుకు ఎగబాకినది. 'ఇది శీర్షిక, ఇది పేరా' అని స్టైల్ ద్వారా ముందే నిర్ణయించి ఉంటే ఒకచోట చేసిన మార్పు అన్నిచోట్లకూ పోయేది. మేము కంటికి కనిపించే రూపాన్ని దిద్దామే గాని, లోపలి నిర్మాణాన్ని యంత్రానికి చెప్పలేదు. బోల్డు మితిమీరితే తెలుగు అక్షరాల గుండ్రని కడుపులు పూడిపోతాయనీ, పంక్తుల మధ్య ఎడం చాలకుంటే పైవరుస ఒత్తులు కిందివరుస గుడులను తాకుతాయనీ అప్పుడే గ్రహించాము.

అసలు పరీక్ష ఉర్దూ పుటలలో ఎదురైనది. ప్రథమ సంవత్సరం విద్యార్థిని ఒకరు తన తొలి గజల్ ఇచ్చారు. దానిని ఎడమనుండి కుడికి నడిచే పేరాలోనే టైపు చేశాము. చివరనుండవలసిన బ్రాకెట్టు మొదటికి వచ్చినది. మిస్రాలు మధ్యలో విరిగి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయినవి. నస్తాలీఖ్ ఉండవలసిన చోట నస్ఖ్ అక్షరాలు నిలిచాయి. నమూనా ప్రతి చూసిన ఆమె ఎవరినీ నిందించలేదు. "ఇది నా గజల్ కాదు భాయీ, తీసివేయండి" అని కాగితం మడిచి వెళ్ళిపోయినది. ఆ వారమే సమావేశంలో, ఉర్దూ పుటలు తగ్గిస్తే పని సులువవుతుందన్న సూచన వచ్చినది. మా చేతగానితనానికి ఒక భాష శిక్ష అనుభవించబోతున్నదని తోచి సిగ్గుపడ్డాము.

మాలో ఒకరి నానాగారు పూర్వం కాతిబు. పత్రికల పుటలను ఖలంతో రాసిన చేయి ఆయనది. ఆ నమూనాను చాలాసేపు చూసి, "బేటా, యంత్రాన్ని తిట్టకండి. మిస్రా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీరు దానికి చెప్పారా?" అన్నారు. మేము తల వంచాము. మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంయోగాలను రాసి రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో 1981లో పాకిస్తాన్‌లోని 'జంగ్' పత్రిక అచ్చు కాసాగినదని ఆయనే చెప్పారు. యంత్రంలోని నస్తాలీఖ్ వెనుక కూడ ఒక చేతిరాతే ఉన్నదన్నమాట!

మూడు సాయంకాలాలు కూర్చుని నేర్చుకున్నాము. పేరా దిశను కుడినుండి ఎడమకు మార్చాము. నస్తాలీఖ్ లిపిని ఎన్నుకున్నాము. ఆ లిపిలో పదం పైనుండి కిందికి వాలుతుంది గనుక పంక్తుల ఎడం పెంచాము. మిస్రా చివర ఉత్త ఎంటర్ గాక షిఫ్ట్‌తో ఎంటర్ నొక్కి, రెండు అంచులకూ సరిపెట్టగా మిస్రాలన్నీ సమానమైనవి. కొత్త ప్రతిని ఆమె తుదివరకు చదివి, "ఇక్కడ ఒక నుక్తా పోయినది భాయీ" అన్నది. ఆ తప్పు చూపడమే అంగీకారమని సంతోషించాము. ఉర్దూ పుటలు ఒక్కటి కూడ తగ్గలేదు.

ఉర్దూలో 'అదబ్' అంటే మర్యాద, సాహిత్యం కూడ. ప్రతి లిపికీ దాని మర్యాద దానికున్నది. అది తెలియకుండా సాహిత్యానికి సేవ చేయలేము. రాబోయే సంవత్సరం రచనలు అందక మునుపే రెండు భాషల విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టి ఈ విద్య నేర్పించవలసినదిగా సంఘంవారికి మా సవినయ మనవి. నేర్చుకున్నది నేర్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము.