సలహా వెల

పరోపకారము పుణ్యమని బడిలో పిల్లలకు పాఠము చెప్పుచుందుము. ఆ పరోపకారమే వ్యాపారమైనప్పుడు తక్కెడ యెవరిచేత నుండునో కృష్ణపట్నములో నేర్చుకొంటిమి.

2008 లో ఇచట క్రొత్త రేవు తెరవబడినది. తరువాతి వేసవి సెలవులలో, విదేశధనముతో నడచు అభివృద్ధికార్యములకు సలహాలమ్ము కంపెనీ యొకటి మమ్ము దుబాసిగా కుదుర్చుకొన్నది. బడిలో వారమునకు ముట్టు జీతము అచట ఒక దినమునకే ముట్టెను. సంతోషింపలేదనుట బొంకు.

కండలేటి మొగదగ్గరి పల్లెకారుల యిండ్లకు పోయి, అచ్చుకాగితములోని ప్రశ్నలడుగుట మా పని. "రోడ్డు వలన మీకు లాభము కలిగినదా?" అవును, కాదు అని రెండే గడులు. చేపలెండబెట్టుచున్న యొక ముసలమ్మ యిట్లనెను: "రోడ్డొచ్చిండాది అయ్యోరా, లారీలూ వచ్చిండాయి. చేపల మీద దుమ్మూ పడతా ఉండాది. దీన్ని లాభమంటారో ఏమంటారో మీరే రాసుకోండి."

ఆ మాటకు గడి లేదు. పైయుద్యోగి నడిగితిమి. అతడు మంచివాడే. "నేడు నలుబది కాగితములు ముగియవలెను, లేనిచో కంపెనీకి మరల పని రాదు" అనెను. మేము "అవును" గడిలో గీత గీసితిమి. అర్థమను సంస్కృతపదము భావమునకును చెల్లును, ధనమునకును చెల్లును. ఆనాడు మేము మొదటిదాని నిచ్చి రెండవదానిని కొంటిమి.

సలహాదారులందరు వంచకులని మా యభిప్రాయము కాదు. రేవునకు ఇంజనీరు వలయును. వానికి కూలి న్యాయమే. చిక్కు వేరొకచోట నున్నది. సలహా కొనువా డొకడు, దాని ఫలమనుభవించువాడు మరియొకడు. అంగడిలో వంకాయ పుచ్చినచో కొన్నవాడు మరల రాడు. ఇచట పుచ్చువంకాయ తినువాడు కొన్నవాడు కాడు. 2017 లో బ్రిటిషు పార్లమెంటు సంఘమే యిట్టి కంపెనీల నడవడిని విచారింపవలసి వచ్చినది.

మందు మన తెలుగుపల్లెలోనే కనబడినది. 1999 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మెకిన్సీ కంపెనీ సాయముతో "విజన్ 2020" ప్రకటించెను. 2001 లో నాటి మెదకు జిల్లా అల్గోలు గ్రామమున చిన్నరైతులు, అందు పెక్కురు స్త్రీలు, తీర్పరులై కూర్చుండి, సాక్షులను ప్రశ్నించి "ప్రజాతీర్పు" చెప్పిరి. ఆ ప్రణాళికను వారు మెచ్చలేదు. మెచ్చుట మెచ్చకుండుట యటుండనిండు. తినువాడు తీర్పు చెప్పెను. అదియే ముఖ్యము.

ఇప్పుడు మా పిల్లలకు ఒకటి చెప్పుచున్నాము: ఉత్తరమునకు గడి చాలనిచో కాగితపు టంచున వ్రాయుడు. నాడు మే మంచున వ్రాయని ముసలమ్మ మాటను నేడిచట వ్రాసితిమి.