విరాటపర్వంలో ఇల్లు మారడం

ఇల్లు మారే హడావిడిలో ఉన్నవాళ్లకి సలహాలు చెప్పడానికి వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. సాయానికి వచ్చేవాళ్లు వేరు. వాళ్లు ఎక్కువ మాట్లాడరు, వచ్చీ రాగానే ఏ గిన్నెల బుట్టో ముందేసుకుని పాత పేపర్లు చుట్టడం మొదలుపెడతారు. సలహాకి వచ్చినవాళ్లు సర్దిన పెట్టెల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. ఆషాఢం రాకముందే మారిపోవాలని జ్యేష్ఠంలో మేం నల్లకుంట ఇల్లు ఖాళీ చేస్తుంటే మా పెద్దాడపడుచుగారు అలా కూర్చునే అన్నారు: "ఆ ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఫోన్లో పద్యాలు ఇప్పుడంత అవసరమా? ముందు అటక దింపించు." అటక అప్పటికే దింపించాను. రాత్రి తొమ్మిదయింది. తొమ్మిదింటికి నాకు భారతం ఉంటుంది.

అవసరమే అని ఆ పూట ఆవిడతో అనలేదు, పెద్దావిడ కదా అని ఊరుకున్నాను. అప్పుడు అనని మాటే ఇప్పుడు రాస్తున్నాను.

2020 లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లలో కూర్చుండిపోయినప్పుడు పార్వతీపురం మాస్టారు తన పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో కవిత్రయ భారతం చదవడం మొదలుపెట్టారు. వాళ్ల ద్వారా మరికొందరు చేరాం. తెనాలి బాబాయిగారు, నల్గొండ అన్న, మస్కట్‌లో నర్సుగా పనిచేసే చెల్లెలు, న్యూజెర్సీ అమ్మాయి, నేను. అసలు పేర్లు అందరివీ అందరికీ తెలుసు గానీ పిలుచుకునేది ఊళ్లతోనే. రాత్రి తొమ్మిదింటికి గ్రూప్ కాల్. మస్కట్‌లో అప్పటికి ఏడున్నర, చెల్లెలికి డ్యూటీ లేకపోతే వస్తుంది. న్యూజెర్సీలో ఎండాకాలమైతే పొద్దున పదకొండున్నర, ఆ అమ్మాయి ఆఫీసులో ఏదో ఒక మూల వెతుక్కుంటుంది. ఒకరి వంతు పద్యాలు చదవడం, ఇంకొకరి వంతు అర్థం చెప్పడం, మిగతావాళ్లు మధ్యలో ఆపి అడగడం. వంతు తప్పకూడదన్నదొక్కటే నియమం.

ముక్కూ మొహం తెలియకపోవడం ఏమిటి? వీళ్లలో ఎవరి గొంతు ఏ పద్యం దగ్గర గద్గదమవుతుందో నాకు తెలుసు. దగ్గితే ఎవరో చెప్పగలను. తెనాలి బాబాయిగారికి కర్ణుణ్ణి ఎవరైనా ఒక మాటంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. మా అత్తగారు పోయినప్పుడు పదకొండో రోజు దాకా ఎవరూ నన్ను పద్యం చదవమనలేదు, కానీ తొమ్మిదయ్యేసరికి ఫోన్ మోగేది. ఎత్తి వింటూ ఉండేదాన్ని. అన్నేళ్లు ఒకే వీధిలో ఉండి, మేం ఖాళీ చేస్తున్నామని లారీ వచ్చాక గానీ తెలుసుకోని ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. నేనిక్కడ ఎవరినీ తప్పుపట్టడం లేదు. దగ్గరితనం దేన్నిబట్టి వస్తుందన్న సంగతి మాత్రం నాకు రూఢిగా తెలుసు.

మేం ఇల్లు మారేనాటికి బృందం కూడా ఒక ఇల్లు మారింది. ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత నన్నయ రాస్తే, తిక్కన అరణ్యపర్వ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా పదిహేను పర్వాలూ రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని తర్వాతెప్పుడో ఎర్రన పూర్తిచేశాడు. కాబట్టి వరసగా చదువుకుంటూ వచ్చేవాళ్లు ఎర్రన గడప దాటి తిక్కన వాకిట్లో అడుగుపెట్టేది విరాటపర్వంలోనే. గాలే మారిపోతుంది. మాటలు పొట్టివవుతాయి, మనుషులు ఎదురుబొదురు నిలబడి మాట్లాడుకుంటారు. పద్యం చదువుతుంటే అవతలివాడి కనుబొమ కదలడం కనిపిస్తుంది. మొదటి రాత్రి మాస్టారు చదువుతూ చదువుతూ ఆగి, "హమ్మయ్య, నెల్లూరు వచ్చేశాం" అన్నారు.

విరాటపర్వం చదివితే వానలు పడతాయని మన పల్లెల్లో నమ్మకం. చెరువులెండిన ఏళ్లలో గుళ్లో కూర్చుని పారాయణం చేయించేవాళ్లు. బాబాయిగారు ఆ నమ్మకాన్ని మనసారా నమ్ముతారు. మా సామాను లారీకెక్కిన రోజు మధ్యాహ్నం విద్యానగర్ దాటకముందే ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. పైన పట్టా కప్పి ఉండబట్టి పరుపులు దక్కాయి. భారతం సంపుటాలు మాత్రం నేను లారీలో వేయనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. సంగతి విని బాబాయిగారు ఎంత సంతోషించారో! అది మా ఇంటి వస్తువులు తడిసినందుకు కాదు, తిక్కన మాట నిలబెట్టుకున్నందుకు.

గ్యాసు, కరెంటు, ఆధార్‌లో చిరునామా, ఇవన్నీ అందరికీ ఉండేవే. వాటి గురించి రాయను. నేను రాయాలనుకునేది పాండవులు ఇల్లు మారిన పద్ధతి గురించి.

మనం అజ్ఞాతవాసం అనగానే వేషాలు గుర్తుచేసుకుంటాం. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, మాలిని. వేషాలు వేయడానికి ముందు జరిగిన సర్దుబాటు ఎవరూ చెప్పుకోరు. పన్నెండేళ్లు అడవిలో ఉన్నా వాళ్లది పెద్ద సంసారం. నిత్యాగ్నిహోత్రం ఉంది, పరిచారకులున్నారు, రథాలున్నాయి, వంటవాళ్లున్నారు, ద్రౌపదికి దాసీజనం ఉన్నారు. వీటిలో ఒక్కటీ వెంట తీసుకెళ్లడానికి లేదు, ఒక్కటీ పారేయడానికీ లేదు. ధర్మరాజు ఏం చేశాడు? అగ్నిహోత్రాలను ధౌమ్యుడి చేతికప్పగించి, వంటవాళ్లతో సహా ద్రుపదుడి ఇంటికి పంపాడు. ఇంద్రసేనుడు మొదలైనవాళ్లకి ఖాళీ రథాలిచ్చి ద్వారకకు వెళ్లమన్నాడు. ద్రౌపది దాసీజనాన్ని పాంచాలానికే పంపాడు. ఎవరైనా అడిగితే పాండవులు ఎటు వెళ్లారో తెలియదని చెప్పమన్నాడు. చివరికి మిగిలినవి ఆయుధాలు. అవి ఏ మనిషికీ అప్పగించలేదు. ఊరి బయట శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద, శవమనిపించేట్టు మూటకట్టి పెట్టారు. ఈనాటికీ తెలంగాణలో దసరా రోజు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటామంటే ఆ మూట వల్లనే.

ఇల్లు మారేవాడి తెలివి అట్టపెట్టెల మీద పేర్లు రాసుకోవడంలో లేదు, ఏది ఎవరి దగ్గర ఉంచితే ఆరిపోకుండా ఉంటుందో ఎరిగి ఉండడంలో ఉంది. నిప్పుని వెంట తిప్పితే ఆరిపోతుంది. ఒక పురోహితుడి దగ్గర, ఒక మామగారి ఇంట్లో ఉంటే రోజూ వెలుగుతుంది. ఈ ఘట్టం చదివిన రాత్రి నల్గొండ అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అక్కా, నువ్వు ఇల్లు సర్దుకునేదాకా నీ వంతు నా దగ్గరుంటది. మళ్లొచ్చినంక తీసుకో."

అలాగే ఉంచాడు. కొత్త ఫ్లాటు నిజాంపేటలో. లోపలి గదుల్లో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, ఇంటర్నెట్ పెట్టాల్సినవాళ్లు రేపు, ఎల్లుండి అంటూ రోజులు దాటేశారు. పాలు పొంగించిన తెల్లవారుజామున బాల్కనీలో నిలబడితే వచ్చిన ఆ కాస్త సిగ్నల్‌తోనే మస్కట్ చెల్లెలికి వీడియో చూపించాను, గిన్నె అంచు దాటేటప్పటికి బొమ్మ ఆగిపోయింది. "పొంగిందా అక్కా?" అని గొంతు మాత్రం వచ్చింది. రాత్రిపూట బాబాయిగారు ఒక పద్ధతి కనిపెట్టారు. తన స్మార్ట్‌ఫోన్‌లో గ్రూప్ కాల్ తెరిచి పెట్టి, పాత చిన్న ఫోనుతో నాకు మామూలు కాల్ చేసి, రెండింటినీ పక్కపక్కన దిండు మీద పెట్టేవారు. పార్వతీపురం నుంచి మాస్టారి పద్యం తెనాలికి వెళ్లి, ఆ దిండు మీద నుంచి నిజాంపేటలో నా చెవికి చేరేది. అక్షరాలు కొంచెం నలిగేవి, కానీ యతి స్థానం ఎక్కడా జారిపోలేదు. విప్పని పెట్టెల మధ్య చాప మీద కూర్చుని వింటుంటే కొత్త ఇల్లన్న బెరుకు పోయింది. ఆ ఇంట్లో మొదట స్థిరపడిన వస్తువు నాకు ఆ గొంతే.

సంస్కృత మూలంలో నాకెంతో ఇష్టమైన చిన్న సంగతి ఒకటుంది. విరాటుడి కొలువులో చేరాక అన్నదమ్ములు ఒకరినొకరు ఎరగనట్టే తిరగాలి కదా. కానీ ధర్మరాజు జూదంలో గెలిచిన సొమ్ము చాటుగా తమ్ముళ్లకిచ్చేవాడట. భీముడు వంటశాల నుంచి తిండి పదార్థాలు అమ్మినట్టుగా అన్నదమ్ములకి అందించేవాడట. అర్జునుడు అంతఃపురంలో దొరికిన పాత బట్టలు, సహదేవుడు ఆలమంద నుంచి పాలూ పెరుగూ నెయ్యీ పంపేవాళ్లట. ఒకే ఊళ్లో ఉండి కలుసుకోలేనివాళ్లు, ఎవరి పనిలోంచి వాళ్లు తీసి రెండోవాళ్లకి పంపిన పద్ధతి. దీన్ని మించిన స్నేహపాఠం నేను ఎక్కడా చదవలేదు. మస్కట్ చెల్లెలు రాత్రి డ్యూటీలో రోగి నిద్రపోయాక రెండు పద్యాలు చదివి రికార్డు చేసి పంపిందంటే, తన కొలువులోంచి తీసి ఇచ్చినట్టే.

అంతా బాగానే ఉంది గానీ, ఈ సర్దుబాట్లలో నాకు మింగుడుపడనిది ద్రౌపది సంగతి. అయిదుగురి ఆయుధాలకీ చెట్టు దొరికింది. ఏడాది తర్వాత బృహన్నల చెబితే ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పాడు, గాండీవం ధగధగలాడుతూ బయటపడింది. ద్రౌపదిది ఏదైనా దాచారా? ఆవిడ దాచుకోవడానికి మిగిలిన వస్తువు జుట్టు ఒక్కటే. దాన్ని పక్కకి ముడిచి, గుడ్డ కప్పుకుని, మాసిన బట్టతో విరాటనగరం వీధుల్లో ఒంటరిగా నడిచింది. మేడ మీద నుంచి సుదేష్ణ చూసి పిలిపించింది. సైరంధ్రిగా పని ఇమ్మని అడుగుతూనే ద్రౌపది షరతులు పెట్టింది: ఎంగిలి ముట్టను, ఎవరి కాళ్లూ కడగను. ఇంటి పనికి కుదిరే ఆడది మొదటిరోజే అంత స్పష్టంగా మాట్లాడడం మన సాహిత్యంలో ఇంకెక్కడుంది? అయినా ఆ రాణే తర్వాత కల్లు తెమ్మని కీచకుడి ఇంటికి పంపింది. మాట ఇచ్చిన గృహిణే పంపింది. కీచకుడి కంటే నాకు సుదేష్ణ మీదే ఎక్కువ కోపం.

సభలో కీచకుడు తన్నినప్పుడు కంకుభట్టు అక్కడే ఉన్నాడు. నటిలా ఇక్కడ నిలబడి ఏడవకు, లోపలికి వెళ్లమన్నాడు. దానికి ద్రౌపది ఇచ్చిన జవాబు తిక్కన చేతిలో ఎలా పలికిందో చదువుకోవాలే తప్ప చెప్పకూడదు. నా భర్తే నటుడు, పైగా జూదరి, ఆయన భార్యనైన నాకు ఇంకేం వస్తుందన్న భావం. మాస్టారు ఆ పద్యం మూడుసార్లు చదివారు. మూడోసారి న్యూజెర్సీ అమ్మాయి ఆఫీసులో ఏడ్చేసింది.

ఆ రాత్రి ద్రౌపది వంటశాలకి వెళ్లి భీముణ్ణి లేపింది. గంధం తీసి తీసి కాయలు కాచిన చేతులు చూపించింది. వాటిని ముఖానికి ఆనించుకుని భీముడు ఏడ్చాడు. నా చేతులు కూడా సుతిలితాడు ఒరుసుకుని మండుతున్న రోజులవి, ఆ ఘట్టం నన్ను వదల్లేదు. ఆవిడ భీముడి దగ్గరికే ఎందుకు వెళ్లింది? బలమైనవాడు కాబట్టి, వెంటనే చేసేవాడు కాబట్టి అని మాస్టారు. ధర్మరాజు అనుమతి అడగకుండా కదిలేవాడు ఆయనొక్కడేనని నల్గొండ అన్న. "రాత్రిపూట నొప్పి చెప్పుకోవడానికి మనం లేపితే విసుక్కోని మనిషి కావాలి" అని మస్కట్ చెల్లెలు. తనకి ఆ సంగతి బాగా తెలుసు. నేనన్నది వేరు. ఆ పరాయి కోటలో ఆవిడ పేరు ఆవిడకి దక్కే చోటు ఆ వంటశాల ఒక్కటే. అక్కడ సైరంధ్రి కాదు, మాలిని కాదు. బలం గురించి తర్వాత ఆలోచించి ఉంటుంది, ముందు తన పేరు వినబడే చోటికి వెళ్లింది.

మాస్టారు ఒప్పుకోలేదు. కథాగతిని బట్టి చూడాలమ్మా, భావావేశాన్ని బట్టి కాదన్నారు. కథాగతి కూడా అదే చెబుతోందని నేను. అభిమన్యుడి పెళ్లి అయిపోయినా మా వాదం తెగలేదు. ఇంటర్నెట్ వచ్చేసింది, నా వంతు నల్గొండ అన్న నాకు తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడు ఉద్యోగపర్వం నడుస్తోంది. రాయబారానికి బయల్దేరే కృష్ణుడి ముందుకు ద్రౌపది తన జుట్టు చేత్తో పట్టుకుని వచ్చి మాట్లాడే ఘట్టం దగ్గర పడింది. అది వరస ప్రకారం మాస్టారి వంతు. నేను అడిగి పుచ్చుకున్నాను.