గుంటలో చెమ్మ

మా ఇంట్లో ఒక తాబేలు ఉంది. ఉప్పాడలో కాదు లెండి, డల్లాస్‌లో. మన రాయలసీమ మెట్టల్లో తిరిగే నక్షత్ర తాబేలుని ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అడవిలో పట్టినవాటితో అంతర్జాతీయ వ్యాపారం కూడా 2019లో నిషేధించారు. కాబట్టి ఇది చదివి హైదరాబాదులో ఎవరూ తాబేలు పిల్ల కోసం వెతక్కండి, ప్లీజ్.

మాది సుల్కాటా అనే ఆఫ్రికా రకం. ఆఫీసులో ఒకాయన వేరే ఊరు మారిపోతూ మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటికి అది అరచేతిలో పట్టేంత ఉండేది. పెద్దయితే నలభై కిలోలు దాటుతుందనీ, నాకంటే ఎక్కువ కాలం బతికినా బతుకుతుందనీ తర్వాత తెలిసింది. స్పెక్ చదవకుండా ప్రాజెక్టు ఒప్పుకోవడం మనకి అలవాటే కదా :)

సరే, ఒప్పుకున్నాక ఇంజనీరు బుద్ధి ఊరుకోదు. సుల్కాటాది సహారా ఎడారికి దక్షిణాన ఉండే సాహెల్ ప్రాంతం. అంటే ఎడారి జంతువు, అంటే దానికి పొడి కావాలి. ఇదీ నా లాజిక్కు. పెద్ద గాజు పెట్టె, అడుగున పొడి పొట్టు, ఒక చివర 38 డిగ్రీలు వచ్చేలా దీపం, రెండో చివర 27. తేమ కొలిచే మీటరు పెట్టె గోడకి పైన అంటించాను. రోజూ ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ణి. తేమ 30 శాతం దాటితే చిరాకు పడేవాణ్ణి కూడా. చలికాలం ఇంట్లో హీటరు నడుస్తుంటే అదీ ఉండేది కాదు, నాకు మహా సంతోషం.

కొన్ని నెలలకి దాని వీపు మీది పలకలు ఒక్కొక్కటీ చిన్న గోపురంలా లేవడం మొదలయింది. డాక్టరమ్మ చూసి, "దీన్ని ఎండబెట్టేశారు" అంది. నేను మేతలో ప్రోటీన్ ఎక్కువైందేమో అన్నాను. ఆవిడ ఒక పరిశోధన గురించి చెప్పింది. 2003లో అచ్చయింది, వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళది. సుల్కాటా పిల్లల్నే వేరువేరు తేమల్లో, వేరువేరు ప్రోటీన్ మోతాదులతో పెంచి చూస్తే, పెంకు గోపురాలు కట్టడానికి ప్రోటీన్ కంటే పొడిగాలే ప్రధాన కారణమని తేలిందట.

ఇంటికొచ్చి నీళ్ళు చల్లాను. దీపం వేడికి గంటలో ఆరిపోయాయి. ఇంకా చల్లాను. ఈసారి పొట్టంతా తడిసి, రాత్రి దీపం ఆపేసరికి పెట్టె చల్లబడింది. వారం తిరక్కుండా ముక్కులోంచి బుడగలు. ఊపిరితిత్తులకి జబ్బు. పొడిగా ఉంటే పెంకు వంకర, తడిగా చల్లగా ఉంటే ప్రాణానికే ముప్పు. మా అమ్మాయి రాత్రిళ్ళు లేచి అది కదులుతోందో లేదో చూసి వచ్చేది. నన్నేమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండేది.

అది మందుల మీద ఉండగానే గత మే నెలలో ఉప్పాడ వెళ్ళాల్సి వచ్చింది. మా పెదనాన్న ఇంకా జామ్‌దానీ నేస్తున్నాడు. ఉప్పాడ జామ్‌దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆయన మాత్రం అదే గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. చిన్నప్పటిలాగే నేనూ పక్కన కూర్చుని కాళ్ళు గుంటలోకి దించాను. బయట పడమటి గాలి మొహం మాడ్చేస్తోంది. పాదాలకి మాత్రం చల్లగా, చెమ్మగా తగిలింది.

"ఈ గాలికి పోగు తెగదా పెదనాన్నా?"

"తెగుద్ది. అందుకే కదరా గుంట. పైన గాలి ఎలాగుంటే ఏంటి, పోగు కాడ చెమ్మ ఉండాలి."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. సాహెల్ పొడిదే, కానీ ఈ తాబేళ్ళు ఆ పొడిలో పగలంతా కూర్చోవు. మట్టిలో బొరియ తవ్వుకుని ఎండ వేళ అందులో దూరతాయి. లోపల మట్టికి చెమ్మ ఉంటుంది. నేను సాహెల్ వాతావరణం చూశాను, తాబేలు వాతావరణం చూడలేదు. మీటరు కూడా దాని ముక్కు దగ్గర కాదు, గోడ పైన పెట్టాను. మన డాష్‌బోర్డులన్నీ పచ్చగానే ఉంటాయి, కస్టమర్ ఫోన్లో ఏడుస్తుంటాడు. సరిగ్గా అదే కేసు.

ఆ రాత్రే ఫోన్ చేసి మా ఆవిడతో అన్నీ మార్పించాను. అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు (కోనసీమలో రోడ్ల పక్కన కుప్పలు పడుండే సరుకు, అక్కడ ఇటుకల్లా కట్టి అమ్ముతారు). నీళ్ళు పైన చల్లడం మానేసి మూలల్లో పోస్తే కింది పొర తడిగా, పైపొర ఆరి ఉంటుంది. పెట్టె మీద మూత. ఓ మూల బోర్లించిన డబ్బాకి ద్వారం కోసి బొరియ, అందులో తడి నాచు. రాత్రికి వెలుగివ్వని సెరామిక్ హీటరు, 27 కంటే తగ్గకుండా థర్మోస్టాట్. పగటి దీపం అలాగే ఉంచాం, ఎప్పుడు ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్ళలో స్నానం. మీటరు బొరియలోకి దిగింది. ఇప్పుడు 80 చూపిస్తుంది. చెమ్మ పెంచితే వేడి వదలకూడదు, అసలు కిటుకంతా అదే.

బుడగలు పోయాయి. పలకల మధ్య కొత్తగా పెరిగిన పెంకు నున్నగా వస్తోంది. పాత గోపురాలు మాత్రం పోవని డాక్టరమ్మ ముందే చెప్పింది. నా ఎక్సెల్ దాని వీపు మీద జీవితాంతం ఉంటుంది.

అన్నట్టు, మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేయిద్దామని మా అన్నయ్య అంతకు ముందే అడిగితే, ఎంతవుతుందో చెప్పు, పంపిస్తానన్నాను. ఉప్పాడ నుంచి బయల్దేరే ముందు ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

"అయితే డబ్బులు పంపవా?" అన్నాడు.

పంపాను. కప్పు బాగు చేయించడానికి.