ఉప్పు ఎక్కడికి పోయింది?

మార్చి వస్తే మన బడిలో రెండే మాటలు వినిపిస్తాయి: పరీక్షలు, బదిలీలు. ఆ రోజుల్లోనే ఒకసారి మా తెలుగు తరగతికి గది దొరక్క కెమిస్ట్రీ ల్యాబులో కూర్చున్నాం. టీచరూ పిల్లలూ కలిపి పన్నెండు మందిమి. ల్యాబ్ అటెండెంట్ గారు మమ్మల్ని చూసి ముచ్చటపడి, ఒక ప్రయోగం చేసి చూపించారు.

9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్ఈడీ బల్బు, రెండు పెన్సిల్ కడ్డీలు. కడ్డీలను పొడి ఉప్పులో గుచ్చితే బల్బు వెలగలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచినా వెలగలేదు. చక్కెర నీళ్ళలోనూ అంతే. ఉప్పు నీళ్ళలో ముంచగానే వెలిగింది!

“ఉప్పు కనబడకుండా పోయింది కదా సార్, మరి కరెంటు ఎలా వచ్చింది?” అని ఒకమ్మాయి అడిగింది. వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చి అప్పటికి వారమైంది.

ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. సోడియానిది ధనావేశం, క్లోరైడ్‌ది ఋణావేశం. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి కదలలేవు, కరెంటును మోయలేవు. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త ఋణం, హైడ్రోజన్ వైపు కాస్త ధనం. నీటి అణువులు ఆక్సిజన్ వైపుతో సోడియాన్నీ, హైడ్రోజన్ వైపుతో క్లోరైడ్‌నూ చుట్టుముట్టి, ఒక్కొక్కదాన్నే విడదీసి తీసుకుపోతాయి. విడిపోయాక అవి అటూ ఇటూ కదులుతాయి, కరెంటును మోస్తాయి. చక్కెర కరుగుతుంది గానీ అయాన్లుగా విడిపోదు.

స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1884లో ఇలాంటి ద్రావణాల్లో విద్యుత్తు గురించి థీసిస్ రాస్తే, పరీక్షకులు తక్కువ గ్రేడు ఇచ్చారు. ఆ దారిలోనే ఆయన తేల్చిన అయాన్ల సిద్ధాంతానికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

మిగిలిన ఉప్పునీళ్ళను ఒక సాసరులో పోసి కిటికీలో పెట్టాం. “నీళ్ళు ఆరిపోతే ఉప్పు తిరిగొస్తుందా?” అంది ఆ అమ్మాయి. వస్తుందన్నాం. “మళ్ళీ పాత జంటలేనా?”

కాదు. ఏ సోడియం ఏ క్లోరైడ్ పక్కన చేరుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ మాట అనడానికి మాకు నోరు రాలేదు, కానీ అబద్ధం చెప్పలేదు. తరగతంతా కాసేపు మౌనంగా ఉంది. అప్పుడు వెనక బెంచీ అబ్బాయి అన్నాడు: “వాటికి పేర్లు గుర్తుండవు కదా సార్. మనకుంటాయి.”

ఆ అమ్మాయి వెళ్ళే రోజుకు సాసరులో తెల్లటి పలుకులు తేలాయి. భూతద్దంలో చూస్తే చిన్న చిన్న ఘనాలు. వాటిని కాగితంలో పొట్లం కట్టి, పైన అందరం సంతకాలు చేసి ఇచ్చాం.

ఇప్పుడు తెలుగు తరగతిలో పదకొండు మందిమి. ఏప్రిల్‌లో కొత్తవాళ్ళు వస్తారు. వాళ్ళ పక్కన ఎవరు కూర్చోవాలో ఇప్పటినుంచే మాట్లాడుకుంటున్నాం.