గంట గడిచాక ఎంత వేగం?

సికింద్రాబాద్‌లో పారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోకి తిరిగితే కంప్యూటర్ బోర్డులు మొదలవుతాయి. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని జంట నగరాల్లో అందరూ సీటీసీ అనే అంటారు. పాత ల్యాప్‌టాప్ బాగుచేయించుకునేవాళ్లు, సగం ధరకి మంచి యంత్రం దొరుకుతుందని జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఆ మెట్ల మీద ఎప్పుడూ కనిపిస్తారు. నేను వెళ్లింది ఆ చుట్టుపక్కలే, ఒక మేడ మీది వర్క్‌షాపుకి. మామూలు ల్యాప్‌టాప్‌లు వాళ్లు ముట్టుకోరు. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పి సిరీస్ లాంటి మొబైల్ వర్క్‌స్టేషన్లే వాళ్ల పని. కంపెనీల లీజు తీరిపోయాక లాట్లుగా వచ్చిన యంత్రాలను విప్పి, దుమ్ము దులిపి, పరీక్షించి అమ్ముతారు.

నన్ను అక్కడికి లాగింది ఆ పరీక్షే. కొత్తది కొనాలన్నా, పాతది కొనాలన్నా మనకి దొరికే పోలికలన్నీ ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు, ఒక మార్కుల పట్టిక దగ్గర ఆగిపోతాయి. ఈ వర్క్‌షాపులో మాత్రం ఏ యంత్రాన్నయినా గంటసేపు పని చేయించి, ఆ గంట చివర్లో దాని వేగం ఎంతో చూస్తారని విన్నాను.

గదిలో ఏసీ ఉంది. ఆపేసి ఉంది. బల్ల మీద అరడజను యంత్రాలు నడుస్తుంటే వాటి ఫ్యాన్ల గాలికే గది ఉడికిపోతోంది. యజమానికి యాభై దాటి ఉంటాయి. ఏసీ సంగతి అడిగితే గోడ మీది థర్మామీటర్ చూపించారు. 38 డిగ్రీలు.

"ఏసీ పెట్టి టెస్టు జేస్తే ఆ లెక్క ఈ రూమ్‌కే పనికొస్తది సార్. కొనుక్కపొయ్యేటోళ్లు పెద్దపల్లిలనో మంచిర్యాలలనో కూసోని పని జేస్తరు. ఆడ మే నెల ఎట్లుంటదో తెల్వదా?"

ఆయన చెప్పినదాన్ని లెక్క వేస్తే తేడా చిన్నదేమీ కాదు. ఇంటెల్ చిప్పులు చాలావాటికి 100 డిగ్రీలు గరిష్ఠ హద్దు. అది తగలగానే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. గది 24 డిగ్రీల్లో ఉంటే చిప్‌కీ గాలికీ మధ్య 76 డిగ్రీల ఎడం ఉంటుంది. గది 38 అయితే ఆ ఎడం 62కి పడిపోతుంది. వేడి బయటికి పోవడం దాదాపు ఈ ఎడాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, చల్లటి గదిలో 60 వాట్ల వేడిని వదలగలిగిన యంత్రం ఈ గదిలో 49 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఫ్యాన్ అదే, చిప్ అదే, ఊరే వేరు. చలిదేశాల్లో రాసిన సమీక్షలు చదివి రామగుండంలో యంత్రం కొనేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

బల్ల మీద రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి ఉంచారు. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒకటే, 2021లో వచ్చిన కోర్ ఐ7-11850హెచ్, 8 కోర్లది. ఒకటి లావుపాటి ప్రెసిషన్ 7560. రెండోది చేతిలో పెట్టుకుంటే ముచ్చటేసేంత సన్నటిది, వేరే కంపెనీది. గోడ ప్లగ్గుకీ చార్జర్‌కీ మధ్య వాట్లు చూపించే చిన్న మీటర్లు పెట్టారు. అక్కడ పనిచేసే కుర్రాడు రెండింట్లోనూ సినీబెంచ్ ఆర్23 తెరిచాడు. ఒక్కసారి నడిపి మార్కులు చూడటం ఎలాగూ ఉంది. దానితోపాటు ఆగకుండా 10 నిమిషాలో, 30 నిమిషాలో నడిపే వీలు కూడా అందులో ఉంది. కుర్రాడు 30 ఎంచుకున్నాడు, రెండుసార్లు నడిపితే గంట.

మొదటి నిమిషం చూసినవాళ్లెవరైనా ఈ రెండింటికీ తేడా లేదనే అంటారు. వేగం రెండింట్లోనూ నాలుగు గిగాహెర్ట్జ్‌కి అటూ ఇటూగా ఉంది. ఆ తర్వాత సన్నటి దాని అంకె కిందికి జారడం మొదలైంది. పావుగంట అయ్యేసరికి మూడుకన్నా దిగువకి వచ్చి అక్కడే నిలబడింది. దాని గోడ మీటర్ కూడా అదే కథ చెప్పింది. ప్రెసిషన్ కూడా తగ్గింది, కాని కాస్తే. ఫ్యాన్ హోరెత్తిస్తూ తన దారిన తను పోతోంది.

ఇందులో మోసమేమీ లేదు. కట్టడమే అలాంటిది. ఇంటెల్ తన చిప్పులకి రెండు కరెంటు హద్దులు పెడుతుంది. పీఎల్2 అనేది కొన్ని సెకన్లపాటు గుంజుకోనిచ్చే ఎక్కువ వాట్లు. పీఎల్1 అనేది ఆ తర్వాత ఎంతసేపైనా నిలబడాల్సిన వాట్లు. ఈ ప్రాసెసర్‌కి కంపెనీ పూచీపడే కనీస వేగం 45 వాట్ల దగ్గర 2.5 గిగాహెర్ట్జ్. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించే 4.8 మాత్రం ఒకటి రెండు కోర్లు కొద్దిసేపు అందుకునే శిఖరం. ఈ రెండింటి మధ్య మీ యంత్రం ఎక్కడ నిలబడుతుందన్నది రాగి గొట్టాలు, ఫ్యాన్ల సైజు, ల్యాప్‌టాప్ మందం తేలుస్తాయి. మెయిల్ రాసేవాడికీ, బొమ్మ ఒక్క క్షణం తిప్పి చూసేవాడికీ మొదటి నిమిషమే చాలు. రాత్రంతా రెండర్ పెట్టుకునేవాడు బతికేది మాత్రం పీఎల్1 మీదే. దాన్ని పెట్టె మీద ఎవరూ అచ్చు వేయరు. వేయాలని నేను గట్టిగా అనుకుంటాను.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఈ సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ ఏ2000 అనే ఒకే పేరు కింద, తయారీదారు తన ఇష్టాన్ని బట్టి 35 నుంచి 95 వాట్ల దాకా ఇవ్వొచ్చు. రెండున్నర రెట్లకు పైగా తేడా, పేరు మాత్రం ఒకటే. కుర్రాడు నల్లటి కమాండ్ కిటికీ తెరిచి ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ అని కొట్టగానే ఆ కార్డుకి ఇచ్చిన హద్దు వాట్లలో కనిపించింది. పైసా ఖర్చు లేని పని, అర నిమిషం పట్టదు. కొనేముందు దుకాణంలోనే ఎవరైనా అడిగి చూడొచ్చు.

"పందెం ఎద్దు, దుక్కి ఎద్దు ఒక్కటే అయితదా సార్? రెండిట్ల ఏదీ చెడ్డది గాదు. దున్నేటోడు పందెం ఎద్దును కొంటెనే లొల్లి," అన్నారు యజమాని.

మేం మాట్లాడుతుండగా కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చారు. గ్రానైట్ క్వారీల మీద డ్రోన్ ఎగరేసి, వందల ఫొటోలు తీసి, వాటి నుంచి గుట్ట ఆకారాన్ని కట్టి, ఎన్ని ఘనపు మీటర్ల రాయి తవ్వారో లెక్కగట్టి ఇస్తారు. ఆయన పని నడిచేది మెటాషేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో. యజమాని ఆయనకి ఏ మార్కుల పట్టికా చూపించలేదు. "మీ పెన్‌డ్రైవ్‌ల ఏదన్న పాత సైటు ఫొటోలున్నయా? అవే నడిపిద్దాం" అన్నారు. నాకు చాలా నచ్చిన మాట అది. మూడు యంత్రాలకి ఒకే ఫొటోల గుట్ట ఇచ్చారు. ఇందాకటి రెండూ కాక, 2019 నాటి థింక్‌ప్యాడ్ పి53 మూడోది. అందులో 6 కోర్ల ఐ7-9850హెచ్, 6 జీబీ మెమరీ ఉన్న క్వాడ్రో ఆర్‌టీఎక్స్ 3000 కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి.

ఈ పని ఒకే రకంగా సాగదు. ఫొటోల్లో పోలికలు వెతికి జత కలపడం, లోతు పటాలు కట్టడం గ్రాఫిక్స్ కార్డు మీద పడతాయి. జతలను సరిచేసే లెక్కలు, వాటి నుంచి కోట్ల చుక్కల గుట్ట పేర్చడం ప్రాసెసర్ మీదా, ర్యామ్ మీదా పడతాయి. మొదటి దశలో సన్నటిది పి53తో సమానంగానే నడిచింది. లోతు పటాల దగ్గర వెనకబడింది. చుక్కల గుట్ట దగ్గర దాని 16 జీబీ ర్యామ్ నిండిపోయి, మిగతాదంతా ఎస్‌ఎస్‌డీ మీదికి పొర్లింది. అక్కడి నుంచి పని ఎంతయిందో చూపే గీత కదలడమే గగనమైంది. ర్యామ్ పెంచుదామంటే బోర్డుకే అతికించి ఉంది, మార్చలేం. అన్నిటికంటే ముందు ప్రెసిషన్ ముగించింది. రెండు తరాల పాతదైన పి53, కొత్త చిప్ ఉన్న సన్నటి యంత్రాన్ని దాటి రెండో స్థానంలో నిలిచింది.

"అన్నా, పేరు జూస్తే పదకొండో జనరేషన్ గద!" అన్నారాయన, సన్నటిదాన్ని చూస్తూ.

"జనరేషన్ పదకొండే తమ్మీ. ఊపిరి తక్కువ."

ర్యామ్ గురించి ఆ మధ్యాహ్నం ఇంకొకరి దగ్గర కూడా విన్నాను. తెనాలి అమ్మాయి, హైదరాబాద్‌లో సినిమాలకి కంపోజిటింగ్ చేస్తుంది. సర్వీసింగ్‌కి ఇచ్చిన తన జడ్‌బుక్ తీసుకోవడానికి వచ్చింది. "అందరూ గ్రాఫిక్స్ కార్డు ఏంటని అడుగుతారండి. నాకు షాట్ ఆగకుండా ప్లే అయితే చాలు," అంది. ఆ మాటలో లెక్క ఉంది. 4096 అడ్డం, 2160 నిలువు ఉన్న ఒక్క ఫ్రేమ్, నాలుగు చానళ్లతో, చానల్‌కి 16 బిట్ల చొప్పున సుమారు 70 మెగాబైట్లు. సెకనుకి 24 ఫ్రేములంటే 1.7 జీబీ. పది సెకన్ల షాటు ర్యామ్‌లో పట్టాలంటే 17 జీబీ దానికే పోతుంది. విండోస్‌కీ, సాఫ్ట్‌వేర్‌కీ ఇంకా వేరే కావాలి. కాబట్టి 64 జీబీ ఆమెకి ఆడంబరం కాదు. అదే రెవిట్‌లో భవనాల నమూనాలు గీసేవాళ్లకైతే వేరే సంగతి. అక్కడ చాలా పనులు ఒకే కోర్ మీద నడుస్తాయి కాబట్టి సన్నటి యంత్రం కూడా హాయిగా సరిపోతుంది. సాలిడ్‌వర్క్స్ వాడే మెషీన్ డిజైనర్లకి ఇంకో చిక్కు. అందులోని రియల్‌వ్యూ అనే సౌకర్యం వృత్తిపరుల కార్డుల మీదే సరిగ్గా పనిచేస్తుంది, గేమింగ్ కార్డుకి ఎంత బలమున్నా లాభం లేదు. స్పెక్‌వ్యూపెర్ఫ్ 2020 అనే పరీక్ష మాయా, క్రియో, కటియా, సాలిడ్‌వర్క్స్ అంటూ ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి విడివిడిగా మార్కులిచ్చేది ఇందుకే. అన్నీ కలిపి ఒక్క అంకెగా చెప్పే పోలికను ఆ గదిలో ఎవరూ పట్టించుకోరు.

నా ఎదురుగానే ఒక యంత్రం చార్జర్ తీసేసి అదే పరీక్ష నడిపారు. వేగం సగానికి పడింది. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ హద్దు 100 వాట్-అవర్లు, అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు దాదాపు అన్నీ ఆ లోపే ఉంటాయి. 95 వాట్-అవర్ల బ్యాటరీ నుంచి 200 వాట్లు గుంజితే అరగంట కూడా రాదు. అందుకే ప్లగ్ తీయగానే యంత్రం తన నోరు తనే కట్టేసుకుంటుంది. ఈ విషయంలో ఆపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌బుక్ ప్రోలది వేరే దారి, ప్లగ్ ఉన్నా లేకున్నా వాటి వేగం దాదాపు ఒకటే. 2021లో వచ్చిన ఎమ్1 మ్యాక్స్‌కి మెమరీ దారి సెకనుకి 400 జీబీ. రెండు స్టిక్కుల డీడీఆర్4-3200 ఇచ్చేది 51 జీబీ చిల్లర. తక్కువ కరెంటుతో ఆ పని చేయడం నిజంగా గొప్ప విషయమే. కాని రెవిట్, ఈటాబ్స్, సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే రాసినవి. మన దగ్గర సివిల్, మెకానికల్ చదివి బతుకుతున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ తలుపు మూసే ఉంది.

చార్జర్లకి ఒక అల్మారా నిండా చోటిచ్చారు. 240 వాట్లు కావాల్సిన యంత్రానికి 130 వాట్ల చార్జర్ తగిలిస్తే అది ఆన్ అవుతుంది, బ్యాటరీ కూడా ఎక్కవచ్చు, వేగం మాత్రం రాదు. డెల్ చార్జర్ పిన్ను మధ్యలో ఉండే సన్నటి సూది విరిగితే, ఆ చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి తెలియక ప్రాసెసర్‌ని బాగా నెమ్మది చేసేస్తుంది. సెకండ్ హ్యాండ్ బజారులో "స్లో అయింది" అనే యంత్రాల్లో చార్జర్ మార్చితే కోలుకునేవి చాలానే వస్తాయట. మిగతావాటికి కుర్రాడు హీట్‌సింక్ విప్పుతాడు. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగితే మామూలు థర్మల్ పేస్టు అంచులకి జరిగిపోతుంది. దాని బదులు పీటీఎమ్7950 అనే పలుచటి షీటు ముక్క కోసి అతికిస్తున్నాడు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కి అంటుకుపోయే హనీవెల్ తయారీ అది.

ఒక మూల థింక్‌ప్యాడ్ పి50ల దొంతర ఉంది. 2015 చివర్లో వచ్చినవి, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. విండోస్ 11 ఆ తరం ప్రాసెసర్లను ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. వాటికి లినక్స్ ఎక్కించి కాలేజీ పిల్లలకి ఇస్తున్నామని చెప్పారు.

కరీంనగర్ ఆయన ప్రెసిషన్ ధర అడిగారు, కాసేపు ఆలోచించి పి53 వైపే మొగ్గారు. మిగిలిన డబ్బుతో ర్యామ్ 64 జీబీ చేయమన్నారు. పి53కి నాలుగు ర్యామ్ స్లాట్లుంటాయి. రెండు కింది మూత తీస్తే కనిపిస్తాయి, మిగతా రెండు కీబోర్డు కింద. కుర్రాడు కీబోర్డు పైకి లేపి 16 జీబీ స్టిక్కులు రెండు పెట్టి, బయాస్‌లో 64 కనిపించాక యంత్రాన్ని మూసేశాడు. ఆయన బ్యాగు తెరిచారు. యజమాని ఇవ్వలేదు. కొత్తగా పెట్టిన ర్యామ్ మీద రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడవాలని, ఒక్క తప్పు కనిపించినా స్టిక్కులు మార్చి మళ్లీ మొదటి నుంచి నడుపుతామని, పొద్దున పదింటికి రమ్మని అన్నారు. ఆయన ఆ రాత్రికి అల్వాల్‌లో ఉన్న మేనమామ ఇంటికి ఫోన్ చేశారు.