మామూజాన్‌కు తగిన రైఫిలు

పెద్దవారికి ఏదైనా వస్తువు కొనవలసి వచ్చినప్పుడు మనము సాధారణంగా రెండు పద్ధతులలో ఒకదానిని అనుసరిస్తాము. అంగడిలో అన్నిటికన్న ఖరీదైనది తెచ్చి మన గౌరవాన్ని చాటుకుంటాము; లేదా అన్నిటికన్న సులువైనది తెచ్చి, ‘ఈ వయస్సులో వారికిది చాలును’ అని సరిపెట్టుకుంటాము. కండ్లజోడు పెట్టె, చేతికర్ర, వాలుకుర్చీ వంటి వాటి విషయంలో ఈ రెండు పద్ధతుల వలనను వాటిల్లే నష్టం స్వల్పమే. కాని నాకు అప్పగించబడిన పని అంత సులభమైనది కాదు. మా మామూజాన్‌కు ఒక రైఫిలును ఎంపిక చేసి పెట్టవలసి వచ్చింది.

మామూజాన్ మా అమ్మగారి అన్నగారు. వారి వయస్సు 68 సంవత్సరాలు. నంద్యాల వాస్తవ్యులు. చిరకాలం ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కళాశాలలో చదువుకునే రోజులలో ఎన్.సి.సి.లో చేరి, .22 రైఫిలుతో నేలపై బోర్లా పడుకొని గురి చూసి కాల్చడంలో దిట్ట అనిపించుకున్నారు. ఆనాటి లక్ష్యపు కాగితం ఒకటి ఇప్పటికీ వారి ట్రంకుపెట్టెలో ఉన్నది. అయిదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ళ క్రింద కప్పబడిపోయేటంత దగ్గరగా ఉంటాయి.

రెండేండ్ల క్రితం మా మామీజాన్ పరమపదించారు. అప్పటి నుండి మామూజాన్ మాట తగ్గింది. ఫజర్ నమాజు ముగించుకొని వచ్చి వరండాలో కూర్చుంటే, మధ్యాహ్నం వరకూ అదే కుర్చీ. అటువంటి మనిషి ఒకనాడు నాకు ఫోను చేసి, “బేటా, మళ్ళీ గురి చూసి కాల్చాలని ఉన్నది. నాకు సరిపోయే రైఫిలు ఒకటి చూసి పెట్టు” అన్నారు.

ఈ సంగతి తెలిసి వారి పిల్లలు కలవరపడ్డారు. పెద్దకుమారుడు “ఈ వయస్సులో ఇదేమి సరదా?” అన్నాడు. కుమార్తె మాత్రం నన్ను పక్కకు పిలిచి, “భాయీజాన్, అమ్మ పోయిన దుఃఖంలో ఒంటరిగా ఉన్న మనిషి చేతికి తుపాకి ఇవ్వవచ్చునా?” అని అడిగింది. మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పడం తేలిక. రెండవది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. అందువలన నేను అంగడికి పోవడానికి ముందు మామూజాన్ దగ్గరకే పోయి, ఆ ప్రశ్నను దాచకుండా వారి ముందుంచాను. వారు కోపగించుకోలేదు. చాలాసేపు మౌనంగా ఉండి, “చావడానికి కాదు బేటా. ప్రొద్దున లేచిన తరువాత చేయడానికి నాకొక పని కావాలి. శ్రద్ధగా చేయవలసిన పని కావాలి” అన్నారు. ఆ మాటను వారి కుమార్తెకు యథాతథంగా చెప్పాను. అయినా ఆ అమ్మాయి భయానికి ఎంపికలో చోటు ఉండవలసినదేనని నిశ్చయించుకున్నాను.

ముందుగా వారు కోరిన .22 రైఫిలును గురించి విచారించాను. దీనికి 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సు కావాలి. దరఖాస్తు, పోలీసు విచారణ, సురక్షిత వినియోగంలో శిక్షణ పొందినట్లు పత్రం, శారీరక మానసిక ఆరోగ్యాన్ని ధ్రువపరచే వైద్యుని పత్రం ఇవన్నీ సమకూర్చుకోవాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేండ్ల నుండి అయిదేండ్లకు పెరిగింది గాని, ఎన్నికల కాలంలో ఆయుధాన్ని ఠాణాలో అప్పగించి రావలసిన తిప్పలు ఉండనే ఉన్నవి. వీటన్నిటినీ మించిన అడ్డంకి మరొకటి ఉన్నది. .22 తూటా చిన్నదైనా ఒక మైలుకు పైగా పోగలదు. ఇండ్ల మధ్య ఉన్న పెరడులో దానిని కాల్చడం తలపెట్టరాని పని. ప్రతిసారీ అనుమతి గల రేంజికి పోవలసినదే. ప్రతి ఉదయమూ ఒక పని కావాలని కోరిన మనిషికి ఎప్పుడో నెలకొకసారి చేయగల పనిని చూపడం న్యాయం కాదు.

ఇక మిగిలినది ఎయిర్ రైఫిలు. 4.5 మిల్లీమీటర్ల, అనగా .177 అంగుళాల గుళికను పేల్చేదై, గొట్టం వెలుపలికి వచ్చే గుళిక శక్తి 20 జౌళ్ళకు మించని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అవసరం లేదు; కొనేవారి గుర్తింపు పత్రాలు మాత్రం చూపాలి. అర గ్రాము బరువు గల గుళిక సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 10 జౌళ్ళు. .22 తూటా శక్తి దీనికి పది రెట్లకు పైబడి ఉంటుంది. ఈ లెక్క చెప్పినప్పుడు మామూజాన్ ముఖం చిన్నబోయింది. “ఉరుసులో బుడగలు కొట్టే తుపాకి తెస్తావా నాకు?” అన్నారు.

ఆ అపోహ చాలామందికి ఉన్నది. 2008లో బీజింగ్ ఒలింపిక్సులో అభినవ్ బింద్రా సాధించిన బంగారు పతకం ఎయిర్ రైఫిలుతో సాధించినదే. 2012లో లండన్‌లో మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్‌కు కాంస్య పతకం తెచ్చినదీ అదే. ఆ పోటీలో లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. పది మార్కులు తెచ్చే నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఈ సంగతి విన్న మీదట మామూజాన్ ఒక కాగితం తెమ్మని, పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, దానిని తేరిపార చూసి, “ఇంతేనా?” అన్నారు. ఆపైన బుడగల మాట ఎత్తలేదు. ‘ఈ వయస్సులో’ అన్న వారి కుమారునికి నేను స్వీడను దేశస్థుడైన ఆస్కార్ స్వాన్‌ను గురించి చెప్పాను. ఆయన 1908లో తన 60వ ఏట తుపాకి గురిలో ఒలింపిక్ బంగారు పతకం, 1912లో 64వ ఏట మరొక బంగారు పతకం, 1920లో 72వ ఏట వెండి పతకం పొందాడు. ఆ జట్లలో ఆయన కుమారుడు ఆల్‌ఫ్రెడ్ కూడా తండ్రి సరసన నిలిచాడు.

ఎయిర్ రైఫిలు అని నిశ్చయించిన తరువాత అసలు పని మొదలైనది. మా కళాశాలలో ఎన్.సి.సి. బాధ్యత వహించే మిత్రుని సలహాతో, రైఫిలు కన్న ముందుగా మామూజాన్ దేహాన్ని పరిశీలించాను.

మొదటిది భుజం. మన అంగళ్ళలో విరివిగా దొరికేవి స్ప్రింగుతో పనిచేసేవి. గొట్టాన్ని మధ్యకు వంచి స్ప్రింగును బిగించాలి. సాధారణమైన వాటికే పది పదిహేను కిలోల బరువును లాగినంత బలం కావాలి. అధిక వేగం గలవాటికి ఇంకా ఎక్కువ. ఒకసారి బిగించడం ఎవరైనా చేయగలరు. ముప్పై గుళికలు కాల్చాలంటే ముప్పైసార్లు బిగించాలి. మామూజాన్ కుడిభుజం చలికాలంలో పట్టేస్తుంది. కావున వేగాన్ని ప్రకటించుకునే రైఫిళ్ళన్నిటినీ ప్రక్కన పెట్టి, మెత్తని స్ప్రింగు గలదానిని, వంచేటప్పుడు పట్టు దొరికేటంత పొడవైన గొట్టం గలదానిని వెదికాను. ముందుగా గాలిని నింపి ఉంచే రకానికి ఈ శ్రమ లేదు; కాని దాని తొట్టిని 200 బారుల పీడనానికి చేతిపంపుతో నింపడం యువకులకే చెమట పట్టించే పని.

రెండవది బరువు. తేలికైనది మేలని మనము అనుకుంటాము. మరీ తేలికైన రైఫిలు చేతిలో వణుకుతుంది. బరువైనది నిలకడగా ఉంటుంది. మామూజాన్ నిలబడి కాల్చరు, బల్ల ముందు కూర్చొని ఇసుక సంచిపై ఆనించి కాలుస్తారు గనుక మూడు కిలోల బరువు వారికి భారం కాదు. అయితే బట్టు పొడవు సరిపోవాలి. బట్టును భుజానికి ఆనించినప్పుడు మెడ ముందుకు చాచకుండానే చెంప దానిపై వాలాలి.

మూడవది కన్ను. ఇది అన్నిటికన్న క్లిష్టమైనది. ఆనాడు ఎన్.సి.సి. ఉస్తాదులు వారికి నేర్పిన సూత్రం ఒకటే: గొట్టం కొసనున్న ముల్లును స్పష్టంగా చూడు, లక్ష్యం మసకగా ఉన్నా ఫరవాలేదు. ఇప్పుడు వారి కుడికంటికి శుక్లం తీసి, దూరపు చూపుకు తగిన కటకం అమర్చారు. లక్ష్యం స్పష్టంగా ఉన్నది, ముల్లు మసకబారింది. యాభై ఏండ్ల అలవాటు తలక్రిందులయింది. దీనికి విరుగుడు వెనుకవైపు సన్నని రంధ్రం గల గురిబిళ్ళను అమర్చడం. సన్నని రంధ్రం గుండా చూసినప్పుడు దగ్గరివీ దూరపువీ రెండూ కొంత తేటపడతాయి. విద్యార్థులు అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, దాని గుండా పుస్తకంలోని అక్షరాలను చూస్తే ఈ విషయం బోధపడుతుంది. దుర్భిణీ అమర్చవచ్చును గాని, స్ప్రింగు రైఫిలు కాల్చినప్పుడు వెనుకకూ ముందుకూ కూడా అదురుతుంది. ఆ అదురుకు తట్టుకునేటట్లు చేసినది కాకపోతే దుర్భిణీ త్వరలోనే చెడిపోతుంది.

హైదరాబాదులోని అంగడికి మామూజాన్‌ను వెంట తీసుకొని పోయాను. అంగడివాడు ధరలూ వేగాలూ నాతో చెప్పబోగా, వారు “కాల్చేది నేను నాయనా” అని నవ్వుతూ అన్నారు. నాలుగు రైఫిళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి, కళ్ళు మూసుకొని భుజానికి ఆనించి, తరువాత కళ్ళు తెరిచి చూశారు. కళ్ళు తెరవగానే ముల్లు తిన్నగా రంధ్రం నడుమ నిలిచిన రైఫిలును ఏరుకున్నారు. ధరలో అది మధ్యరకం.

పెరడులో 33 అడుగులు కొలిచి, పాతబట్టలు దట్టంగా కుక్కిన చెక్కపెట్టెను లక్ష్యంగా నిలిపాము. గట్టి గోడకు తగిలితే గుళిక వెనుకకు ఎగిరి రాగలదు. గుళిక చిన్నదే అయినా కన్ను పోగొట్టగలదు. అందువలన అద్దాలు పెట్టుకోకుండా ఎవరూ అక్కడ నిలువరాదని నియమం. గుళికలు సీసపువి గనుక పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకోవాలి. రైఫిలు ఒక బీరువాలో, గుళికలు మరొక బీరువాలో ఉంటాయి. గుళికల బీరువా తాళంచెవి కుమార్తె దగ్గర ఉంచవలెనని ప్రతిపాదించినవారు మామూజాన్‌గారే. ప్రతి ఉదయమూ ఆమె వచ్చి తాళం తీస్తుంది, తండ్రితో కలిసి టీ త్రాగి పోతుంది. పిట్టల వైపు గొట్టం త్రిప్పరాదన్నది వారు తమకు తాము విధించుకున్న షరతు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుండి ఉన్న సంగతి ఇరుగుపొరుగు పిల్లలకు చెప్పేదీ వారే.

విద్యార్థులారా, మీరు రేపు ఉద్యోగాలలో చేరి తల్లిదండ్రులకు, తాత ముత్తాతలకు ఏవో కొనిపెడతారు. వారి వయస్సును లెక్కించడానికి క్షణం చాలును. వారి భుజం ఎంత లాగగలదో, కన్ను ఎంత దూరం చూడగలదో, ప్రొద్దున్నే లేచి వారు ఏమి చేయగోరుతున్నారో తెలుసుకోవడానికి వారి చెంత కొన్ని గంటలు కూర్చోవాలి. అడగడానికి కష్టమైన ప్రశ్న ఉంటే దానిని కూడా వారినే అడగాలి. పెద్దవారు సమాధానం చెప్పగలరు.